‘స్థిరం’ అన్న మాటకు ఎన్ని అర్థాలు? విడుదల శాఖల పరిభాషపై ఒక పరిశీలన

సిడ్నీ నుంచి దక్షిణంగా ఊలాంగాంగ్ దాకా సాగే రైలుమార్గంలో, సిడ్నీకి సుమారు 45 కిలోమీటర్ల దూరాన, హెలెన్స్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. బొగ్గుగనిని ఆనుకొని పెరిగిన ఊరు. ఆస్ట్రేలియాలోని తెలుగువారికి ఆ పేరు బొగ్గు వల్ల కాక, 1985లో కుంభాభిషేకం జరిగిన శ్రీ వేంకటేశ్వరాలయం వల్ల పరిచయం. సెలవు రోజుల్లో సిడ్నీ నుంచి ఆ గుడికి వెళ్ళే తెలుగు కుటుంబాలలో సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవారు తక్కువేమీ కారు. అయితే యూనిక్స్ చరిత్రలో పేరున్న రెండు చోట్లకు నడుమ ఆ ఊరు ఉన్నదన్న సంగతి ఎక్కడా పెద్దగా ప్రస్తావనకు రాదు. ఉత్తరాన కెన్సింగ్టన్‌లో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం, దక్షిణాన ఊలాంగాంగ్ విశ్వవిద్యాలయం. ఈనాడు ఒక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తాజాగా ఉంచుకోవాలనుకునే మనిషిని తికమక పెట్టే ‘విడుదల శాఖ’ అనే భావన ఎందుకు అవసరమైందో తెలుసుకోవడానికి ఈ రెండు చోట్లా 1970లలో జరిగిన పని మంచి ఆధారం.

బెల్ ల్యాబ్స్ 1975లో యూనిక్స్ ఆరవ కూర్పును వెలువరించింది. కెన్సింగ్టన్‌లో అధ్యాపకుడైన జాన్ లయన్స్ ఆ కూర్పులోని కెర్నెల్‌ను, అంటే పదివేల పంక్తులకు లోబడిన మూలాన్ని, విద్యార్థులకు పాఠ్యంగా ఎంచుకున్నాడు. మూలాన్ని వరుస సంఖ్యలతో ఒక సంపుటంగా, దానికి వ్యాఖ్యానాన్ని మరొక సంపుటంగా 1976–77 కాలంలో సిద్ధం చేశాడు. దాదాపు అదే కాలంలో, 1977లో, ఊలాంగాంగ్‌లో రిచర్డ్ మిల్లర్ అదే ఆరవ కూర్పును ఇంటర్‌డేటా 7/32 అనే యంత్రానికి తరలించాడు. పీడీపీ శ్రేణికి బయటి యంత్రంపై యూనిక్స్‌ను నడిపిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. బెల్ ల్యాబ్స్‌వారే ఇంటర్‌డేటా 8/32 మీద చేస్తున్న పనికన్నా ముందే అది ఫలించింది.

ఈ రెండు పనులకూ ఆధారం ఒక్కటే: కదలకుండా నిలిచిన పాఠం. వ్యాఖ్యాత 1500వ పంక్తి గురించి రాస్తే, చదివేవాడి ప్రతిలోనూ 1500వ పంక్తి అదే అయి ఉండాలి. యంత్రం మార్చేవాడికీ అంతే. తరలిస్తున్నంతసేపూ మూలం తన కాళ్ళకింద కదలరాదు. ఇంతవరకు విడుదల తన పని తాను చేసింది. ఆ తర్వాతి కథ మాత్రం అంత బాగా నడవలేదు. టేపు ఇచ్చిన తర్వాత దిద్దుబాట్లు పంపే పూచీ బెల్ ల్యాబ్స్‌ది కాదు. దోషం కనబడితే ఎవరికి వారే దిద్దుకోవాలి, కొత్త సౌకర్యం కావాలంటే ఎవరికి వారే రాసుకోవాలి. కెన్సింగ్టన్‌లో నడిచిన ఆరవ కూర్పు, కొన్నాళ్ళకు బెల్ ల్యాబ్స్ ఇచ్చిన ఆరవ కూర్పు కాకుండా పోయింది. ఇతర విశ్వవిద్యాలయాలలోనూ ఇంతే. 1979లో ఏడవ కూర్పు వచ్చినప్పుడు, దాని మూలాన్ని తరగతిలో బోధించరాదని లైసెన్సు అడ్డుపెట్టింది. లయన్స్ వ్యాఖ్యానం జిరాక్సు ప్రతులుగా చేతులు మారుతూ బతికి, 1996లో గాని బహిరంగంగా అచ్చుకాలేదు. అప్పట్లో విడుదలలు ఉన్నాయి, వాటిని కనిపెట్టుకొని ఉండే శాఖలు లేవు.

ఆ లోటు ఎంత దూరం తీసుకుపోగలదో 1992లో తేటతెల్లమైంది. విలియం, లిన్ జోలిట్జ్ దంపతులు బర్క్‌లీ యూనిక్స్‌ను మామూలు పీసీలకు తెచ్చి 386బీఎస్‌డీ పేరుతో విడుదల చేశారు. వాడుకరులు దోషాలు కనిపెట్టారు, దిద్దుబాట్లు పంపారు. అవి మూలంలో చేరే దారి మూసుకుపోయినట్టయింది. చివరకు కొందరు ఆ దిద్దుబాట్లను మూటగట్టి ‘ప్యాచ్‌కిట్’ అనే పేరుతో తామే నిర్వహించసాగారు. మూట పెరిగి పెరిగి, ఒక దిద్దుబాటు మరొకదానితో తగవు పడే స్థితి వచ్చింది. 1993లో ఆ మూటలోంచే ఫ్రీబీఎస్‌డీ పుట్టింది. అంటే ఆ వ్యవస్థ పుట్టుకే ‘విడుదల తర్వాత ఏమిటి?’ అన్న ప్రశ్నకు సమాధానం. నేటికీ శాఖల విషయంలో ఆ ప్రాజెక్టు చూపే పట్టుదల వెనుక ఈ అనుభవం ఉంది.

శాఖ అంటే ఏమిటో ఇక్కడ సూటిగా చెప్పుకోవాలి. ఒక వ్యవస్థకు ఒక ప్రధాన స్రవంతి ఉంటుంది. కొత్త పనంతా అందులో జరుగుతుంది. ఒకానొక నాడు అక్కడి మూలానికి నకలు తీసి వేరుగా నడుపుతారు, అది శాఖ. ఆ శాఖ మీద ఒక క్షణాన్ని గుర్తించి, పేరు, సంఖ్య పెట్టి లోకానికి ఇస్తారు, అది విడుదల. విడుదల ఒక బిందువు, శాఖ ఆ బిందువు గుండా సాగే గీత. తర్వాత భద్రతాలోపం బయటపడితే సాధారణంగా ముందు ప్రధాన స్రవంతిలో దిద్ది, సరిగా ఉందని తేలాక శాఖలలోకి దించుతారు. తాజాపరచడం అంటే ఈ గీతలలో ఏదో ఒకదాని వెంట ముందుకు జరగడం, లేదా ఒక గీత నుంచి మరో గీతకు దూకడం. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియకపోవడమే సగం కష్టాలకు మూలం.

తెలుగులో బ్రాంచ్‌కు ‘శాఖ’ అన్న మాట స్థిరపడింది. మాట తప్పు కాదు, కాని నేటి పాఠకుడిని పక్కదారి పట్టిస్తుంది. శాఖ అనగానే విద్యాశాఖ, రెవెన్యూ శాఖ, బ్యాంకు శాఖ మనసుకు వస్తాయి. అవన్నీ ఒక పెద్ద సంస్థలోని భాగాలు. విడుదల శాఖ భాగం కాదు. మొత్తం వ్యవస్థకు మరొక సంపూర్ణ పాఠం. ఈ అర్థం తెలుగువారికి కొత్తదేమీ కాదు, మరుగున పడిందంతే. కృష్ణయజుర్వేదంలో తైత్తిరీయ శాఖను అధ్యయనం చేసినవారు ఆ వేదంలో ఒక ముక్కను చదివినవారు కారు. ఒక సంప్రదాయంలో నిలిచిన పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవారు. మైత్రాయణీ, కాఠక శాఖలతో దానికి ఉమ్మడి భాగం ఎంతో ఉంది, పాఠమూ క్రమమూ వేరు. ఒకదాని పాఠాన్ని ఇంకొకదానిలో కలిపి వల్లించడం దోషం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక శాఖ కెర్నెల్‌ను మరో శాఖ లైబ్రరీలతో కలిపి నడపబోవడమూ ఇటువంటిదే. పోలిక ఇంతవరకే పనికివస్తుంది. వేదశాఖలకు దిద్దుబాట్లు దించే ప్రధాన స్రవంతి లేదు, వాటికి గడువు తేదీలు అసలే లేవు.

‘శాఖ’ కన్నా పెద్ద చిక్కు తెచ్చిపెట్టే మాట ‘స్టేబుల్’. దీనికి తెలుగులో ‘స్థిరం’, ‘సుస్థిరం’ అంటున్నారు. మూలభాషలోనే ఆ మాటకు ఒక్కో ప్రాజెక్టులో ఒక్కో అర్థం ఉంది. అనువాదం ఆ తేడాలన్నిటినీ ఒకే రంగు కింద కప్పేస్తుంది.

ఓపెన్‌బీఎస్‌డీలో స్టేబుల్ అంటే విడుదలైన పాఠం, దానిపై భద్రతకూ విశ్వసనీయతకూ అత్యవసరమైన దిద్దుబాట్లు. అంతకు మించి ఏమీ చేరదు. ఆరు నెలలకొక విడుదల వస్తుంది. చివరి రెండు విడుదలలకే దిద్దుబాట్లు అందుతాయి. కాబట్టి ఒక విడుదల ఆయువు దాదాపు ఏడాది. అక్కడ ‘స్టేబుల్‌లో ఉండండి’ అంటే ‘జాగ్రత్తగా ఉండండి’ అని.

ఫ్రీబీఎస్‌డీలో అదే మాటకు దాదాపు ఎదురు అర్థం. అక్కడ స్టేబుల్ అభివృద్ధి శాఖ. ప్రధాన స్రవంతిలో (దానికి అలవాటైన పేరు కరెంట్) పరీక్షకు నిలిచిన మార్పులు, కొత్త సౌకర్యాలతో సహా, దానిలోకి దిగుతూ ఉంటాయి. తర్వాతి విడుదల దానిలోంచి పుడుతుంది. జాగ్రత్తపరుడు ఉండవలసిన చోటు వేరే ఉంది: ఒక్కో విడుదలకూ విడిగా తీసిన శాఖ. 14.3 విడుదలకు దానిదే అయిన శాఖ ఉంటుంది. అందులోకి భద్రతా దిద్దుబాట్లు, గట్టి దోషాల సవరణలు మాత్రమే వస్తాయి. సంఖ్య చివర ‘పీ1’, ‘పీ2’ అని పెరిగేవి అవే. మరి స్టేబుల్ శాఖలో స్థిరంగా ఉండేదేమిటి? ఒప్పందం. 14 శాఖ మీద ఒకసారి కంపైల్ చేసిన ప్రోగ్రామ్ ఆ శాఖ పొడవునా నడవాలన్న మాట. అంటే అక్కడ స్థిరత్వం ప్రోగ్రాములు రాసేవారికి ఇచ్చిన హామీ. ఇంట్లోనో కార్యాలయంలోనో యంత్రం నడిపే మనిషికి ఆ పేరు చెప్పేది వేరు, ఆ మనిషి వినేది వేరు. ఆ ప్రాజెక్టు కరదీపిక ఈ శాఖ అందరి కోసం కాదని హెచ్చరిస్తూనే ఉంటుంది. హెచ్చరిక లేకుండా వాడరాని పేరు మంచి పేరు కాదు. పాతికేళ్ళకు పైబడిన అలవాటు గనుక మార్చడం కష్టమన్నది వేరే సంగతి.

డెబియన్‌లో స్టేబుల్ మూడో అర్థం ఇస్తుంది. అక్కడ గడ్డకట్టేది మూల వ్యవస్థ ఒక్కటే కాదు, దానితో వచ్చే వేలాది ప్యాకేజీలు కూడా. సుమారు రెండేళ్ళకొకసారి వచ్చే విడుదల దాకా బ్రౌజరు వంటి కొన్ని మినహా వాటి సంఖ్యలు కదలవు. పైగా ఆ పేరు ఒక శాఖకు శాశ్వతంగా అంటిపెట్టుకున్నది కాదు. కుర్చీ పేరు వంటిది, కూర్చునేవారు మారుతుంటారు. 2023 జూన్‌లో ఆ కుర్చీలోకి బుక్‌వర్మ్ వచ్చింది, 2025 ఆగస్టులో ట్రిక్సీ వచ్చింది. ప్యాకేజీల మూలాల జాబితాలో శాఖ అసలు పేరుకు బదులు ‘స్టేబుల్’ అని రాసుకున్నవారి యంత్రం విడుదల రోజున కొత్త వ్యవస్థ వైపు తిరుగుతుంది. పేరు మారిందని ఆప్ట్ హెచ్చరిస్తుంది. చదవకుండా ‘సరే’ అన్నవారు చిన్న దిద్దుబాటు కోసం బయలుదేరి మొత్తం వ్యవస్థ మార్పులో తేలతారు.

లినక్స్ కెర్నెల్‌ది నాలుగో అర్థం. తొమ్మిది పది వారాలకొకసారి వచ్చే విడుదలకు స్టేబుల్ శాఖ ఉంటుంది, తర్వాతి విడుదల రాగానే దాని పని దాదాపు ముగుస్తుంది. ఏళ్ళ తరబడి నిలిచేదానికి అక్కడ ‘లాంగ్‌టర్మ్’ అన్న వేరే పేరు పెట్టారు. నాలుగింటిలో ఈ పేరు ఒక్కటే వినేవాడికి నేరుగా అర్థమవుతుంది, ఎందుకంటే అది గుణాన్ని గురించి కాక కాలాన్ని గురించి చెబుతుంది.

బీఎస్‌డీకి కొత్తగా వచ్చే లినక్స్ వాడుకరి మరో చోట కూడా తడబడతాడు. ఫ్రీబీఎస్‌డీలో శాఖ అన్నది మూల వ్యవస్థకే వర్తిస్తుంది. బ్రౌజరు, డేటాబేసు వంటివి పోర్ట్స్ అనే వేరే సంగ్రహం నుంచి వస్తాయి; వాటికి మూడు నెలలకొకటి చొప్పున త్రైమాసిక శాఖలు వేరు. కాబట్టి ఒకే యంత్రం రెండు గీతల మీద ఒకేసారి నడుస్తుంది. ఈ గీతలు రాసుకునే చోటు కెర్నెల్ మాడ్యూళ్ళు. 14 శాఖకు ప్యాకేజీలను మద్దతులో ఉన్న విడుదలలలో అన్నిటికన్నా పాతదానిపై కడతారు. మామూలు ప్రోగ్రాములకు దానివల్ల ఇబ్బంది లేదు. గ్రాఫిక్స్ డ్రైవరు వంటి మాడ్యూలు మాత్రం పాతదానికి కట్టినది కొత్తదానిపై మొరాయించవచ్చు. చెప్పినట్టే విడుదల మార్చుకున్న మనిషికి తెర నల్లగా కనిపించడం ఇందువల్లే. 14.2 నాటి నుంచి ఆ మాడ్యూళ్ళకు విడుదలవారీగా ప్రత్యేక నిల్వ ఏర్పరచారు. ఒప్పందం ఎక్కడిదాకా వర్తిస్తుందో ముందే గీత గీసి చెప్పి ఉంటే చాలామంది శ్రమ తప్పేది.

శాఖల పద్ధతి పేర్ల దగ్గరే కాదు, పనిలోనూ బెడిసికొట్టగలదు. దీనికి ఫ్రీబీఎస్‌డీ చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2000 మార్చిలో 4.0 వచ్చింది. ఆ శాఖకు త్వరలోనే గట్టిదన్న పేరు వచ్చింది. 5 కోసం ప్రధాన స్రవంతిలో తలపెట్టిన పని మాత్రం చాలా పెద్దది: ఒకటికి మించిన ప్రాసెసర్లున్న యంత్రాలలో కెర్నెల్ అంతటికీ ఉన్న ఒకే తాళాన్ని తీసేసి, ఎక్కడికక్కడ చిన్న తాళాలు పెట్టడం. కెర్నెల్‌లో ఆ పని తాకని మూల లేదు. 5.0 వచ్చేసరికి 2003 జనవరి అయింది. అదైనా, ఆ తర్వాతి ఒకటి రెండు విడుదలలైనా, ముందుగా రుచి చూసేవారి కోసమేనన్న షరతుతో వచ్చాయి. 5 శాఖకు స్టేబుల్ హోదా 2004 నవంబరులో 5.3తో గాని దక్కలేదు. ఈలోగా 4 శాఖ 2005 జనవరిలో 4.11 దాకా సాగింది, 2007 జనవరి వరకు దానికి భద్రతా దిద్దుబాట్లు అందించవలసి వచ్చింది.

ఇందులో నష్టపోయింది ఎవరు? వాడుకరులు మొదట నష్టపోలేదు. వారికి 4 హాయిగానే ఉంది. నష్టం నెమ్మదిగా వచ్చింది. రెండు గీతలూ అంత దూరం జరిగాక, ప్రధాన స్రవంతిలో చేసిన దిద్దుబాటు 4లోకి దించాలంటే మళ్ళీ రాయవలసి వచ్చేది. కొత్త హార్డ్‌వేర్ వచ్చే కొద్దీ 4 వెనుకబడింది. 5కు వెళ్దామంటే ధైర్యం చాలదు. అభివృద్ధి చేసేవారిలోనూ చీలిక వచ్చింది. తాళాల విషయంలో ఎంచుకున్న దారి సరికాదని వాదించిన మాథ్యూ డిలన్ 2003లో 4 శాఖను ఆధారం చేసుకొని డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీని మొదలుపెట్టాడు. శాఖ వేరే వృక్షమైంది. అతని వాదం సరైనదా కాదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. విమర్శకుడు గమనించవలసింది, శాఖలు ఎంతకాలం విడిగా నడవవచ్చునన్న ప్రశ్నకు అప్పటివరకు ఎవరూ లెక్క కట్టకపోవడం. ఆ తర్వాత 6.0 ఏడాదిలోనే, 2005 నవంబరులో వచ్చింది. సౌకర్యాలు పూర్తయినప్పుడు విడుదల అన్న పద్ధతి పోయి, తేదీ వచ్చినప్పుడు విడుదల అన్న పద్ధతికి ప్రాజెక్టు క్రమంగా మొగ్గింది. అదే చిక్కు డెబియన్‌నూ పట్టుకుంది: 2002 జూలై నాటి వుడీ తర్వాత సార్జ్ రావడానికి 2005 జూన్ దాకా పట్టింది.

గడువు గురించిన మాట తప్పితే ఏమవుతుందో 2020 డిసెంబరులో అందరూ చూశారు. సెంటోస్ 8కు 2029 దాకా దిద్దుబాట్లు అందుతాయని నమ్మి ఎందరో తమ సర్వర్లను దానిపై నిలిపారు. రెడ్ హ్యాట్ ఆ గడువును 2021 చివరకు కుదించి, ఇకపై సెంటోస్ స్ట్రీమ్ ఒక్కటే ఉంటుందని ప్రకటించింది. వెనుక నడిచే ప్రతిబింబానికి బదులు ముందు నడిచే శాఖ అన్నమాట. మూలం ఎవరూ దాచలేదు, ప్రోగ్రాములు ఆగిపోలేదు. పోయినది గీత. దాన్ని తిరిగి గీయడానికే 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వెలువడ్డాయి. కాబట్టి ఒక వ్యవస్థను ఎంచుకునేటప్పుడు సౌకర్యాల పట్టిక కన్నా ముందు చూడవలసిన పుట ఏ శాఖకు ఏ తేదీ దాకా దిద్దుబాట్లు అన్నది చెప్పే పుట. ఫ్రీబీఎస్‌డీలో స్టేబుల్ శాఖ ఆయువు 14 వరకు ఐదేళ్ళు, 15 నుంచి నాలుగేళ్ళు. దాని లోపలి ఒక్కో విడుదలకు తర్వాతి విడుదల వచ్చాక మూడు నెలలే గడువు. ‘ఐదేళ్ళు’ అన్నది మాత్రం చదివి 14.0 మీదనే కూర్చున్నవారు, తమ యంత్రం ఎప్పుడో 2024లోనే కాపలా లేనిదైపోయిందని ఆలస్యంగా తెలుసుకుంటారు.

ఒక గీత నుంచి మరొక గీతకు దూకడమంటే భయం సహజం. ఆ భయానికి విరుగుడుగా వచ్చిన ఏర్పాటు ఒకటి, హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళేవారికి వివరించడం తేలిక. ఆగమసంప్రదాయంలో గర్భాలయాన్ని బాగుచేయవలసి వచ్చినప్పుడు మూలమూర్తి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి, అక్కడ నిత్యార్చన ఆగకుండా సాగిస్తారు. పని ముగిశాక సంప్రోక్షణ చేసి మళ్ళీ గర్భాలయానికి చేరుస్తారు. తిరుమలలో పన్నెండేళ్ళకొకసారి జరిగే ఈ క్రతువు 2018 ఆగస్టులో జరిగింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 12.0లో ‘బూట్ ఎన్విరాన్‌మెంట్’లను నడిపే సాధనం మూల వ్యవస్థలో చేరింది. నడుస్తున్న వ్యవస్థకు క్షణంలో నకలు తీసి, ఒకదాన్ని కదపకుండా ఉంచి, రెండోదానిలో తాజాపరచే పని చేస్తారు. సరిగా ఉంటే అందులోకి మారతారు, లేకపోతే పాతదానిలోకి వెనక్కి వస్తారు. కాన్ఫిగరేషన్ ఫైళ్ళు, ముఖ్యంగా డేటాబేసులు, ఈ నకలు పరిధిలో ఉన్నాయో లేవో ముందే చూసుకోకపోతే మాత్రం వెనక్కి వచ్చేసరికి పాత వ్యవస్థ ముందు కొత్త డేటా ఉంటుంది.

తెలుగు పాఠకుడికి శాఖలతో పని ఇంకొకటుంది, అది ఎవరూ అంతగా మాట్లాడనిది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చినప్పటి నుంచి, గ్నోమ్, డెబియన్ స్థాపకం, ఫైర్‌ఫాక్స్ వంటి వాటిలో ఎందరో స్వచ్ఛందంగా తెలుగు మాటలు కూర్చారు. ఈ అనువాదాలు గాలిలో ఉండవు. ఒక్కొక్కటీ ఒక శాఖకు చెందుతుంది. గ్నోమ్‌లో విడుదలకు కొన్ని వారాల ముందు తెరపై కనిపించే మాటలను మార్చకుండా నిలిపివేస్తారు. ఆ వ్యవధి అనువాదకుల కోసమే. ఆ గడువులోగా తెలుగు అందకపోతే ఆ విడుదలలో ఆ మాట ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. అనువాదకుడు ప్రధాన స్రవంతి ఫైలు ఒక్కటే పూర్తిచేసి, విడుదల శాఖ ఫైలును మరచిపోతే ఫలితం అదే. పైగా ప్రధాన స్రవంతిలో మూలవాక్యం ఒక్క అక్షరం మారినా పాత తెలుగు వాక్యం ‘సందేహాస్పదం’గా పక్కకు పోతుంది, ఎవరైనా వచ్చి మళ్ళీ చూసేదాకా తెరమీదకు రాదు. తెలుగు శాతం విడుదల విడుదలకూ తగ్గుతూ కనిపించడానికి కారణం కొత్తవారు రాకపోవడమొక్కటే కాదు, ఈ అరుగుదల కూడా.

దీని మరో కొస డెబియన్ స్టేబుల్‌లో ఉంది. మెనూలో ఒక తెలుగు మాట తప్పుగా పడిందనుకుందాం. చూసినవారు ఈ రోజే దిద్ది పంపితే ఆ దిద్దుబాటు గ్నోమ్ ప్రధాన స్రవంతిలో వారంలో చేరవచ్చు. స్టేబుల్‌లోకి దిగేవి సాధారణంగా భద్రతాలోపాలు, తీవ్రమైన దోషాలు. అక్షరదోషం ఆ కోవలోకి రాదు. ఆ పల్లెబడిలోనో ఆ గ్రంథాలయంలోనో యంత్రం ముందు కూర్చున్న పిల్లవాడు ఆ తప్పును తర్వాతి విడుదల దాకా, అంటే ఏడాదో రెండేళ్ళో చదువుతూనే ఉంటాడు. స్టేబుల్‌కు ‘స్థిరం’ అన్న అనువాదం ఆ పిల్లవాడికి మాత్రం సరిగ్గా సరిపోతుంది: తప్పు కూడా స్థిరంగానే ఉంటుంది. దిద్దుబాటు పంపేవారు అది ఏ శాఖకు, ఏ విడుదలకు అందుతుందో కూడా చూసి, అవసరమైతే పంపిణీ నిర్వాహకులకు విడిగా రాస్తే, కొన్ని మాటలైనా మధ్యంతర విడుదలల్లో చేరిన సందర్భాలు ఉంటాయి.